మట్టి ఆగింది, భాస్వరం ఆగలేదు: మౌమీ నది కేస్ స్టడీ

2014 ఆగస్టు 2 తెల్లవారుజామున అమెరికాలోని టొలీడో నగరం కుళాయి నీళ్లు తాగవద్దని తన ప్రజలకు చెప్పింది. కాచి చల్లార్చి తాగుదామనుకున్నవాళ్లకు అదీ కుదరదని చెప్పాల్సి వచ్చింది. సూక్ష్మజీవులైతే కాచినప్పుడు చచ్చిపోతాయి. ఆ నీటిలో ఉన్నది మైక్రోసిస్టిన్ అనే విషం. నీరు ఆవిరైపోయేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. నాలుగు లక్షల మందికి పైగా జనం దాదాపు మూడు రోజులు సీసా నీళ్ల మీద గడిపారు.

ఆ విషం ఈరీ సరస్సు పశ్చిమ భాగంలో విరగబెరిగిన మైక్రోసిస్టిస్ అనే నీలిహరిత నాచు నుంచి వచ్చింది. ఆ నాచును మేపిన భాస్వరం ప్రధానంగా మౌమీ నది మోసుకొచ్చింది. అప్పటికి మౌమీ పరీవాహక ప్రాంతంలో నేలకోతను ఆపే పనులు రెండు దశాబ్దాలకు పైగా సాగాయి. అవి విఫలం కాలేదు కూడా. నదిలో మట్టి తగ్గింది, మట్టికి అంటుకుని పోయే భాస్వరమూ తగ్గింది. అయినా నాచు తిరిగి వచ్చింది. పొలాల నుంచి బయటికి పోయే నీటిని కొలవడం నా వృత్తి. ఏ నది మీద పని మొదలుపెట్టేవారికైనా నేను ముందుగా చదవమని చెప్పే కేసు ఇదే.

నది, నేల, సరస్సు

ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ దగ్గర సెయింట్ జోసెఫ్, సెయింట్ మేరీస్ నదులు కలిసి మౌమీ అవుతాయి. అక్కడి నుంచి ఒహాయోలోకి ప్రవహించి టొలీడో దగ్గర ఈరీలో కలుస్తుంది. మిషిగన్‌లోని కొంత భాగంతో కలిపి పరీవాహక ప్రాంతం సుమారు 17,000 చదరపు కిలోమీటర్లు. గ్రేట్ లేక్స్ అనే ఉత్తర అమెరికా అయిదు పెద్ద సరస్సుల్లోకి పారే నదుల్లో ఇంతకన్నా పెద్ద పరీవాహకం ఉన్నది లేదు. అందులో అత్యధిక భాగం పంట పొలాలే: మొక్కజొన్న, సోయాచిక్కుడు, కొంత గోధుమ.

ఈ నేలలో చాలా భాగం 19వ శతాబ్దం మధ్య వరకు గ్రేట్ బ్లాక్ స్వాంప్ అనే చిత్తడి అడవి. దాన్ని సాగులోకి తేవడానికి కాలువలు తవ్వారు, నేలలో కాల్చిన మట్టి గొట్టాలు పాతారు. అక్కడి రైతులు వాటిని టైళ్లు అంటారు. ఇప్పుడు వేసేవి చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాలు అయినా పేరు మారలేదు. సుమారు మూడడుగుల లోతున పొలమంతా వరుసలుగా పరుచుకుని ఉంటాయి, నేలలో నిలిచిన నీటిని లాగి కాలువలో పోస్తాయి. ఇది పాత సరస్సు అడుగున పేరుకున్న బంకమన్ను. టైళ్లు లేకపోతే వసంతకాలంలో ఈ పొలాల్లోకి ట్రాక్టరు దిగలేదు. టైళ్లు పూడ్చేస్తే సరిపోతుంది కదా అని దూరం నుంచి సలహా ఇచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గ్రేట్ లేక్స్‌లో ఈరీ అన్నింటికన్నా లోతు తక్కువది. దాని పశ్చిమ భాగం మరీ తక్కువ, సగటున ఏడు మీటర్లు దాటి కొంచెం. అక్కడికి వచ్చే నీటిలో సింహభాగం డెట్రాయిట్ నదిది, కానీ ఆ నీటిలో భాస్వరం పలచన. మౌమీ తెచ్చే నీరు తక్కువే అయినా అందులో భాస్వరం చిక్కగా ఉంటుంది. అందుకే వేసవి చివర్లో వచ్చే నాచు ఎంత తీవ్రంగా ఉంటుందో మార్చి నుంచి జులై వరకు మౌమీ తెచ్చిన భాస్వరాన్ని బట్టి ముందే చెప్పగలుగుతున్నారు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ఏటా వేసవిలో ఇచ్చే అంచనా ఈ లెక్క మీదే నిలబడింది.

మొదటి విజయం సులువైనది

1960ల్లో ఈరీ చచ్చిపోయిన సరస్సని పత్రికలు రాశాయి. 1969 జూన్‌లో దానిలోకి పారే కయహోగా నది మీద నూనె తెట్టుకు మంటలు అంటుకున్నాయి. 1972లో అమెరికా, కెనడా నీటి నాణ్యత ఒప్పందం చేసుకున్నాయి. 1978లో దాన్ని సవరించి ఈరీకి ఏడాదికి 11,000 టన్నుల భాస్వరం మించకూడదని గీత గీశాయి. పెద్ద మురుగునీటి శుద్ధి కేంద్రాలు బయటికి వదిలే నీటిలో భాస్వరాన్ని లీటరుకు ఒక మిల్లీగ్రాముకు దించాయి, బట్టల సబ్బుపొడుల్లో ఫాస్ఫేటు తగ్గింది. 1980ల్లో లక్ష్యం అందింది, సరస్సు తేరుకుంది.

ఇది సులువని ఎందుకు అంటున్నానంటే, పైపు ఎక్కడుందో తెలుసు, దాని యజమాని ఎవరో తెలుసు, అనుమతి పత్రం మీద అంకె రాయవచ్చు. 1972 నాటి స్వచ్ఛ జల చట్టం ఈ పనికి బాగా పనికొస్తుంది. అదే చట్టం పొలాల మీది వాననీటిని అనుమతుల పరిధి నుంచి మినహాయించింది. ఇప్పుడు మౌమీ భాస్వరంలో పది పాళ్లలో దాదాపు తొమ్మిది పాళ్లు ఇలాంటి విస్తృత వనరుల నుంచే, ముఖ్యంగా పొలాల నుంచే వస్తున్నాయి.

రెండో విజయం, దాని వెనక దాగినది

పొలాల వైపు చూసినప్పుడు అందరి కంటికీ ముందు కనిపించేది మట్టి. టొలీడో ఓడరేవులో ఏటా లక్షల ఘనగజాల పూడిక తీయాలి. మట్టి రేణువులకు భాస్వరం గట్టిగా అంటుకుంటుంది కాబట్టి మట్టిని ఆపితే భాస్వరం ఆగుతుందన్న తర్కంలో లోపమేమీ కనిపించలేదు. 1980ల నుంచి దున్నకుండా విత్తడం, తక్కువ దుక్కి, పంట చెత్తను నేల మీదే వదిలేయడం, కాలువ గట్ల వెంట గడ్డి పట్టీలు బాగా వ్యాపించాయి.

ఇక్కడ టిఫిన్ పట్టణంలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ధన్యవాదాలు చెప్పాలి. 1975 నుంచి వాళ్లు వాటర్‌విల్ దగ్గర మౌమీ నీటిని తీసి పరీక్షిస్తున్నారు. యంత్రం రోజుకు మూడు నమూనాలు తీస్తుంది. ప్రవాహం ఉద్ధృతంగా ఉన్నప్పుడు మూడింటినీ పరీక్షిస్తారు, మామూలు రోజుల్లో ఒక్కటి చాలు. ఇంత పట్టుదల ఎందుకంటే, నది ఏడాది మొత్తంలో మోసుకుపోయే భాస్వరంలో ఎక్కువ భాగం కొన్ని పెద్ద వానల రోజుల్లోనే వెళ్లిపోతుంది. నెలకోసారి సీసా పట్టుకుని వంతెన మీదికి వెళ్లే పద్ధతిలో ఆ రోజులు తప్పిపోతాయి. ఖర్చు తగ్గించుకోవడానికి నమూనాల సంఖ్యలో కోత పెట్టే ప్రాజెక్టులు నేను చూశాను. తర్వాత వాటి గ్రాఫుల నుంచి ఏదీ తేలలేదు.

హైడెల్‌బర్గ్ వాళ్లు చేసిన మరో మంచి పని, మొత్తం భాస్వరంతో పాటు కరిగిన భాస్వరాన్ని విడిగా లెక్కించడం. 0.45 మైక్రాన్ల వడపోత గుండా దిగిన నీటిలో ఉండే, నాచుకు నేరుగా అందే భాస్వరం ఇది. 1975 నుంచి 1990ల మధ్య వరకు రెండూ తగ్గాయి. ఆ తర్వాత దారులు చీలాయి. మట్టితో పోయే భాస్వరం అదుపులో ఉండగా, కరిగిన భాస్వరం మళ్లీ పైకి ఎక్కింది. మొత్తం భాస్వరం గ్రాఫు ఒక్కటే చూసేవారికి ఈ మలుపు పెద్దగా కనిపించదు. నాచుకు మాత్రం బాగా కనిపించింది. మట్టికి అంటిన భాస్వరంలో నాచు వాడుకోగలిగేది సుమారు పావు వంతు నుంచి మూడో వంతు వరకు ఉంటుంది. కరిగినదైతే దాదాపు మొత్తం వాడుకుంటుంది. 1990ల మధ్య నుంచి మైక్రోసిస్టిస్ తిరిగి కనిపించసాగింది, 2011లో అప్పటికి అతి పెద్ద నాచు వచ్చింది, 2015లో అదీ వెనకబడింది.

నేల లోపల జరిగింది

మార్చిలో గట్టి వాన పడుతున్నప్పుడు పొలం చివర కాలువ గట్టు మీద నిలబడితే విషయం కంటికే తెలుస్తుంది. కాలువలో నీరు బురద రంగులో పోతుంటుంది. గట్టు కింద టైలు నోటి నుంచి పడే ధార మాత్రం అద్దంలా తేటగా ఉంటుంది. సీసాలో పట్టి కాసేపు ఉంచితే అడుగున చిటికెడు మట్టి కూడా దిగదు. ఆ గట్టు మీదే ఒత్తుగా పెరిగిన గడ్డి పట్టీ ఉంటుంది. మట్టిని ఆపడానికి వేసిన ఆ పట్టీ వేళ్ల కిందుగా, దానికి తగలకుండా, టైలు నీరు కాలువలో పడుతుంటుంది. ప్రయోగశాలలో కరిగిన భాస్వరం తేలేది ఆ తేట నీటిలోనే.

అది అక్కడికి ఎలా చేరిందో చూద్దాం. ఈ ప్రాంతంలో చాలామంది భాస్వరం ఎరువును పంట కోత తర్వాత, శీతాకాలానికి ముందు, నేల మీద వెదజల్లుతారు. మొక్కజొన్నకూ ఆ తర్వాతి సోయాకూ కలిపి రెండేళ్ల మోతాదు ఒకేసారి వేసేవారు తక్కువేం కాదు. అప్పుడు నేల గట్టిగా ఉంటుంది, యంత్రాలు ఖాళీగా ఉంటాయి. దున్నే రోజుల్లో ఆ ఎరువు మట్టిలో కలిసిపోయేది. దున్నడం మానాక పైపొరలోనే ఉండిపోతోంది. భూసార పరీక్షకు ఎనిమిది అంగుళాల లోతు మట్టిని కలిపి పంపితే సగటు అంకె వస్తుంది, అది మామూలుగానే కనిపించవచ్చు. అదే మట్టి కడ్డీని పై రెండు అంగుళాలు వేరుగా, కింది ఆరు వేరుగా కోసి పంపండి. దున్నని పొలంలో పై ముక్క అంకె కింది దానికన్నా బాగా ఎక్కువ రావడం నాకు అలవాటైపోయింది. వాన చినుకు ముందుగా తాకేది ఆ పై ముక్కనే.

తర్వాత దారి. దున్నని నేలలో వానపాముల బొరియలు చెదిరిపోకుండా మిగులుతాయి. బంకమన్ను ఎండితే నెర్రెలిస్తుంది. నేల ఆరోగ్యం దృష్ట్యా బొరియలు మంచివే, నీరు చక్కగా ఇంకుతుంది. అయితే అలా ఇంకే నీరు మట్టి గుండా మెల్లగా వడకట్టుకుంటూ దిగదు. పైపొరలో భాస్వరాన్ని కరిగించుకుని బొరియల్లోంచీ నెర్రెల్లోంచీ సూటిగా టైలులోకి జారుతుంది. దారిలో ఉన్న మట్టికి దాన్ని పట్టుకునే అవకాశమే ఉండదు.

ఇందులో దున్నని సాగు పాత్ర ఎంత, వానల పాత్ర ఎంత అన్నది వేడిగా సాగిన వాదం. 2017లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం పెరిగిన కరిగిన భాస్వరంలో సుమారు 35 శాతానికి కారణం ప్రవాహం పెరగడం, మిగతా 65 శాతానికి కారణం అదే నీటిలో ఎక్కువ భాస్వరం పోవడం. దీన్ని బట్టి దున్నని సాగును నిందించడం సరికాదని నా అభిప్రాయం. తప్పు దున్నకపోవడంలో లేదు. దున్నడం మానేసి కూడా ఎరువు మాత్రం పాత పద్ధతిలోనే పైన చల్లడంలో ఉంది.

రైతు వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. ఈ నష్టం ఎకరాకు ఏడాదికి ఒకటి రెండు పౌన్ల భాస్వరం, చాలా పొలాల్లో అంతకన్నా తక్కువ. మంచి మొక్కజొన్న పంట గింజల్లో తీసుకుపోయేది అంతకు పది రెట్లకు పైగానే ఉంటుంది. రైతు జమాఖర్చుల్లో ఈ నష్టం కనిపించనే కనిపించదు. సరస్సును పాడుచేయడానికి మాత్రం అది చాలు. ఎరువు వృథా తగ్గించుకుంటే మీకే లాభమని రైతుకు చెప్పే ప్రచారం ఇక్కడ నిలవదు, ఆ లాభం అంత చిన్నది.

2016 లక్ష్యాలు

2012లో ఒప్పందాన్ని మళ్లీ సవరించి, దాని ప్రకారం 2016 ఫిబ్రవరిలో కొత్త లక్ష్యాలు ఖరారు చేశారు. 2008ని ప్రాతిపదికగా తీసుకుని 40 శాతం తగ్గింపు. మౌమీకి మార్చి నుంచి జులై వరకు మొత్తం భాస్వరం 860 టన్నులు, కరిగిన భాస్వరం 186 టన్నులు మించకూడదు. పదేళ్లలో తొమ్మిదేళ్లు ఇది అందితే పెద్ద నాచు రాదని అంచనా.

వీటితో పాటు గాఢత అంకెలు కూడా ఇచ్చారు: ప్రవాహంతో తూచిన సగటు (ఎక్కువ నీరు పోయిన రోజులకు ఎక్కువ విలువ ఇచ్చి తీసేది) లీటరుకు మొత్తం భాస్వరం 0.23 మిల్లీగ్రాములు, కరిగినది 0.05 మిల్లీగ్రాములు. పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి నేను చూసేది ఈ రెండో అంకెనే. వానలు పడని ఏడాది టన్నులు వాటంతటవే తగ్గుతాయి, అధికారులు సంతోషిస్తారు. తడి ఏడాది ఎంత కష్టపడినా టన్నులు పెరుగుతాయి. గాఢత మీద ఆ ఏటి వాన ప్రభావం అంతకన్నా తక్కువ.

చేసిన పనులు, వాటి మీద నా లెక్క

ఒహాయో చట్టాలు చేసింది. 2014 చట్టం 50 ఎకరాలకు మించి ఎరువు వేసేవారు శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకోవాలంది. 2015 చట్టం పశ్చిమ ఈరీ ప్రాంతంలో గడ్డకట్టిన, మంచు కప్పిన, నీరు నిండిన నేల మీద ఎరువు చల్లడాన్ని నిషేధించింది. పన్నెండు గంటల్లో అంగుళానికి మించి వాన పడే అవకాశం సగానికన్నా ఎక్కువని సూచన ఉంటే గుళికల ఎరువు పైన చల్లకూడదు. మట్టిలోకి దించితే మినహాయింపు ఉంది. ఇది ఖర్చు లేని నియమం, నాకు నచ్చినది. ఎరువు వేసిన వెంటనే వచ్చే ఒక్క వాన ఆ పొలం ఏడాది నష్టంలో పెద్ద వాటా పట్టుకుపోగలదు.

2014లోనే ఎరువుల వ్యాపారులకు ఒక ధ్రువీకరణ పథకం మొదలైంది. సరైన ఎరువు, సరైన మోతాదు, సరైన సమయం, సరైన చోటు అన్నవి దాని నాలుగు సూత్రాలు. సూత్రాల్లో కొత్తేమీ లేదు, వాటిని వ్యాపారి దగ్గరికి తీసుకెళ్లడంలోనే తెలివి ఉంది. చాలా పొలాల్లో మట్టి నమూనా తీసేదీ, మోతాదు చెప్పేదీ, యంత్రంతో చల్లేదీ ఎరువు అమ్మే సంస్థే. ఎక్కడ నిర్ణయం జరుగుతుందో అక్కడికి వెళ్లారు.

2019లో గవర్నర్ మైక్ డివైన్ హెచ్2ఒహాయో కార్యక్రమం ప్రారంభించారు. తొలి కేటాయింపు 17.2 కోట్ల డాలర్లు. మౌమీ ప్రాంతంలోని 14 కౌంటీల (మన జిల్లాల వంటివి) రైతులకు పద్ధతికి ఇంత, ఎకరాకు ఇంత అని చెల్లింపులు మొదలయ్యాయి. ఆ పద్ధతులన్నింటినీ ఒకే గాటన కట్టలేం.

ఎరువును నేల లోపల గీతల్లో వేయడం నా జాబితాలో మొదటిది. నేలను పెద్దగా కదపకుండా భాస్వరాన్ని వాన నీటికీ బొరియల నోళ్లకూ దూరంగా ఉంచుతుంది, దున్నని సాగును వదలనక్కరలేదు. చల్లడం కన్నా నెమ్మది, యంత్రం ఖరీదు ఎక్కువ. డబ్బు ఇవ్వాల్సింది ఇక్కడే.

టైలు చివర పలకలతో నీటి మట్టాన్ని నియంత్రించే పెట్టె రెండోది. శీతాకాలంలో పలకలు వేసి నీటిని నేలలోనే నిలిపితే బయటికి పోయే నీరు తగ్గుతుంది, దానితో నైట్రేటు, కరిగిన భాస్వరం రెండూ తగ్గుతాయి. ఇది బాగా చదునుగా ఉన్న పొలాలకే పనికొస్తుంది. పలకలు వేయడం, తీయడం మనిషి చేయాలి. కౌలు భూమిలో ఆ మనిషి ఎవరన్నది తేలక, పెట్టె పెట్టాక పలకలు ముట్టుకోని పొలాలు చూశాను.

నేలను కప్పి ఉంచే శీతాకాలపు పంటలు మట్టికీ నైట్రేటుకూ చాలా మంచివి. కరిగిన భాస్వరానికి అంత నమ్మకంగా చెప్పలేం. మంచుకు ఆకులు గడ్డకట్టి కరిగినప్పుడు వాటిలోని భాస్వరం నీటిలోకి దిగుతుంది. గడ్డి పట్టీల సంగతి పైన చెప్పాను. కృత్రిమ చిత్తడి నేలలు నైట్రేటునూ మట్టినీ బాగా పట్టుకుంటాయి. ఏళ్ల తరబడి ఎరువు తిన్న పొలాన్నే చిత్తడిగా మారిస్తే మాత్రం నీట మునిగిన మట్టి మొదట్లో భాస్వరాన్ని వదలవచ్చు. అందుకే నీరు నిలపడానికి ముందే అక్కడి మట్టిని పరీక్షించాలని పట్టుబడతాను.

కాబట్టి నా దగ్గరికి ఏ పథకం వచ్చినా ప్రతి పద్ధతి పక్కన రెండు గడులు గీస్తాను: ఇది మట్టితో పోయేదాన్ని ఆపుతుందా, కరిగినదాన్నా? నేల మీది ప్రవాహాన్ని పట్టుకుంటుందా, టైలు ప్రవాహాన్నా? నేలకోత నివారణ కార్యాలయాలు దశాబ్దాలుగా అలవాటుపడిన పద్ధతుల్లో చాలావాటికి మొదటి సమాధానాలే వస్తాయి. అవి దండగ కాదు, పూడిక తగ్గాలంటే అవే కావాలి. 2020 జులై నుంచి పూడిక మట్టిని సరస్సులో పారబోయడాన్ని ఒహాయో నిషేధించాక వాటి విలువ ఇంకా పెరిగింది. కానీ వాటితో నాచు సమస్య తీరదు.

ప్రకృతి చేసిన ప్రయోగం

2019 వసంతం ఎడతెగని వానలతో గడిచింది. ఒహాయోలో సుమారు 15 లక్షల ఎకరాలు విత్తకుండానే మిగిలాయి. ఆ పొలాల్లో ఎరువూ పడలేదు. ఏ పరిశోధకుడూ అడిగి తెచ్చుకోలేని ప్రయోగం అది. అంత ప్రవాహానికి మౌమీలో రావలసిన కరిగిన భాస్వరం కన్నా దాదాపు 30 శాతం తక్కువ వచ్చింది.

దీన్ని రెండు వైపులా చదవాలి. కొత్త ఎరువు తగ్గితే నది అదే ఏడాది స్పందిస్తుంది, దశాబ్దాలు ఆగనక్కరలేదు. ఇది ధైర్యాన్నిచ్చే సంగతి. అదే సమయంలో, ఎరువు వేయడం అంతగా పడిపోయినా మిగతా 70 శాతం వచ్చింది. అందులో చాలా భాగం గత ఏళ్లలో నేలలో పేరుకున్న భాస్వరమే. సాగు పద్ధతులు ఎంత మెరుగుపడినా అది మెల్లగానే కరుగుతుంది.

ఆ పేరుకున్న భాస్వరం అన్ని పొలాల్లో సమానంగా లేదు. మొక్కజొన్న, సోయాలకు భూసార పరీక్షలో పదిలక్షలకు 20 నుంచి 40 పాళ్లు ఉంటే చాలని మూడు రాష్ట్రాల ఉమ్మడి సిఫారసు. దానికి బాగా పైన ఉన్న పొలాలు కొన్నే అయినా, ముఖ్యంగా పశువుల ఎరువు ఏళ్ల తరబడి పడినవి, తమ విస్తీర్ణానికి మించిన వాటా వదులుతాయి. డబ్బు ముందు అక్కడికి వెళ్లాలి. వెళ్లడం లేదు. భూసార ఫలితాలు రైతు సొంత సమాచారం, పథకంలోకి రావడం స్వచ్ఛందం. చేరడానికి ముందుకొచ్చేది ఎక్కువగా అప్పటికే జాగ్రత్తగా ఉన్న రైతులు. ఎకరాలు బాగానే నమోదవుతాయి, లీకు ఎక్కువున్న ఎకరాలు బయట ఉండిపోతాయి. ఫలితాలు బయటపెట్టనక్కరలేకుండా, పరీక్ష అంకె పెరిగేకొద్దీ చెల్లింపు పెరిగే ఏర్పాటు చేయవచ్చని నా వాదన. ఎక్కువ ఎరువు వేసినవారికే బహుమతా అని జాగ్రత్తపరులైన రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

2020 కల్లా 20 శాతం అన్న మధ్యంతర లక్ష్యం అందలేదు. 2025 కల్లా 40 శాతం అన్న గడువూ అలాగే దాటింది. 2023లో ఒహాయో మౌమీకి చట్టబద్ధమైన భాస్వరం పరిమితి రూపొందించింది, ఆ సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ సంస్థ దాన్ని ఆమోదించింది. ఆ పరిమితిని మొత్తం భాస్వరం లెక్కలోనే కట్టారు. కరిగినదాని గురించి అమలు ప్రణాళికలో ఉంది కానీ పరిమితిగా లేదు. దీని మీద టొలీడో నగరం, లూకాస్ కౌంటీ 2024లో కోర్టుకెక్కాయి. కోర్టు ఏమన్నా, తర్వాతి సవరణలో కరిగిన భాస్వరానికి విడిగా పరిమితి రాయాలి. అందుకు కావలసిన 186 టన్నుల అంకె 2016 నుంచి ఒప్పందంలో సిద్ధంగా ఉంది, దాన్ని సరిచూసే నమూనాలు వాటర్‌విల్‌లో రోజూ తీస్తూనే ఉన్నారు.